గోడకు తిప్పిన లైటు

ఖరగ్‌పూర్, 14-2-1962

అమ్మ కాళ్లకు దండం పెట్టి తవిటయ్య రాస్తున్నది. నేను రైల్వే వర్క్‌షాపు ఉద్యోగం మానేసి సినిమాల్లో చేరిపోయానని ఎర్రయ్య మామ చెప్పింది నిజం కాదు. వారం సెలవు పెట్టానంతే. కలకత్తా నుంచి షూటింగుకు వచ్చినవాళ్లకు లైట్ల మనుషులు చాలక, కరెంటు పని తెలిసిన మమ్మల్ని నలుగురిని కుదుర్చుకున్నారు.

నిన్న ఇక్కడి తాల్‌బగీచా పేటలో ఒక ఇంట్లో, ఒక తల్లి తన కొడుకు రాసిన ఉత్తరం చదువుకునే సీను తీశారు. లైట్ల మేస్త్రీ మన శ్రీకాకుళం వైపువాడే. అన్నిటికంటే పెద్ద లైటు ఎదురుగా పెట్టించాడు. తల్లి వేషం వేసిన పెద్దావిడకు కళ్లు మండి నీళ్లు కారాయి. ఊరుకోలేక, "అన్నా, ఆయమ్మ కళ్లు తెరవనేకపోతంది. సిన్న లైటెట్టి తెల్లగోడ కేసి తిప్పితే, ఆ గోడ మీంచొచ్చే ఎలుతురు సాలదేటి?" అన్నాను.

"నిన్న పన్లోకొచ్చి నాకే సెప్తన్నావేటిరా?" అని కసిరినా, తిప్పించాడు. కెమెరా ఆయన చూసి "ఠీక్ హై" అన్నాడు. ఆవిడ హాయిగా చదువుకుంది. తర్వాత పిలిచి నా చేతిలో సందేశ్ మిఠాయి పెట్టింది.

గేదె ఈనిందా? చెల్లి చిట్టెమ్మకు జ్వరం తగ్గిందా? ఇటు వచ్చేవాళ్ల చేత చింతపండు పంపు. పెద్దలకు దండాలు, పిల్లలకు ముద్దులు. సినిమా వచ్చాక నువ్విక్కడికి వస్తే చూపిస్తాను. అందులో నేను కనబడను గాని, ఆవిడ ముఖం మీది వెలుతురు నేను వేసిందే.

నీ కొడుకు
తవిటయ్య