ఖాళీ సూటు నాడి

తమ్ముడూ, నేను కులాసా, కంగారు పడకు. అంతరిక్షంలోకి వేసుకెళ్లే సూటు నా కొలతలకే తయారైంది. దాని గాలి గొట్టాలు గీసిన ఇంజనీర్నీ నేనే, అందులో దూరబోయేదాన్నీ నేనే.

నిన్న లోపల ఎవరూ లేకుండానే దానికి గాలి నింపి నిలబెట్టారు. ఇంజనీరు కాకముందు డాక్టర్నే కదా, ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది, ఊరికే దాని మణికట్టు పట్టుకున్నాను. నాడి కొట్టుకుంటోంది! పంపు అదురేమో అనుకుని చూస్తే, పంపు ఆపేసి ఉంది. పైగా మూడు కొట్టి ఒకటి తప్పుతోంది, చివరి రోజుల్లో నాన్నకి తప్పినట్టే. "ఏంటి డాక్టరమ్మా, ఒంట్లో ఎలా ఉందంట?" అని టెక్నీషియన్ నవ్వాడు. నేనూ నవ్వేశాను.

అమ్మ మోకాలి మాత్రలు అయిపోయాయా? మేడ మీద ట్యాంకు కారడం ఆగిందా? ఈ నాడి ముక్క మాత్రం అమ్మకి చదివి వినిపించకు. పిల్లలకి నా దీవెనలు. ప్రయాణం ఎల్లుండే. నా నాడి మాత్రం నేనింకా చూసుకోలేదు.

అక్క