మూడో కుర్చీ

అక్కా,

ఇవాళ బ్యారేజీ మీదుగా బస్సులో నిలబడే వచ్చాను, కాళ్ళ నొప్పి తెలియలేదు. ఈ సంగతి ముందు నీకే చెప్పాలి.

నువ్వు పోయాక రాజమండ్రిలో మానసిక వైద్యుడి దగ్గర పనికి చేరాను. చిన్నప్పుడు ఎవరైనా కొట్టారా, చీకట్లో బంధించారా అని రోగుల్ని అడిగి రాసుకోవడం నా పని. జబ్బు ముదిరినప్పుడు ఒకసారి, నెమ్మదించాక మరోసారి అవే ప్రశ్నలు అడుగుతాను. రెండు జవాబులూ కలిస్తే ఆ మాట నమ్మొచ్చు. మొదట్లో ఏవీ కలవలేదు. "మతి చెదిరినవాళ్ళ జ్ఞాపకాలు అలాగే ఉంటాయండీ" అన్నారు డాక్టరు గారు.

తర్వాత పెద్దాపురం నుంచి ఒకావిడ రెండోసారి ఒక్కతే వచ్చింది. జవాబులన్నీ మారిపోయాయి. ఎందుకని అడిగాను.

"అప్పుడు మా నాన్నగారు పక్కనే ఉన్నారు కదండీ. ఆయన ముందు ఎలా చెబుతానండీ?"

మనవైపు రోగిని ఒంటరిగా డాక్టరు గదిలోకి పంపరు కదా. ఒక్కోసారి ఒక్కొక్కరు పక్కన కూర్చునేవారు, వాళ్ళని బట్టి జవాబు మారిపోయేది. అప్పటినుంచి వెంట వచ్చినవాళ్ళని టీ తాగి రమ్మని పంపేసి అడుగుతున్నాను. ఇవాళ కాయితాలన్నీ పక్కపక్కన పెట్టి చూశాం. దాదాపు అన్నీ కలిశాయక్కా! జబ్బులో చెప్పిందీ, తగ్గాక చెప్పిందీ ఒకటే. డాక్టరు గారు కళ్ళజోడు తీసి, "వీళ్ళు నిజమే చెబుతున్నారండీ" అన్నారు.

ధాన్యం కొట్టులో బాబాయి నిన్ను పెట్టి గడియ వేసేవాడని నాకు ఎన్నిసార్లు చెప్పావో. నీకు జబ్బు చేసినప్పుడు డాక్టరు అడిగితే మాత్రం ఏమీ లేదండీ అన్నావు. నిన్ను తీసుకెళ్ళింది బాబాయే. నీ పక్క కుర్చీలోనే కూర్చున్నాడు.

రేపటినుంచి మా గదిలో రెండే కుర్చీలు ఉంటాయి.