సున్నపు గుర్తుల మీద పడుగు

ధర్మవరం, 1961, తొలకరి రోజులు. మంగళవారం రాత్రి.

మా వీధికి నీడ చెట్లు కావాలని ముందు అడిగింది నేనే. మొక్కలూ కంచెలూ బ్లాకు ఆఫీసు ఇస్తుంది. గుంతలు తవ్వి నీళ్లు పోసే కష్టం మా వాటా. ఒప్పందం బాగానే ఉంది. కానీ ఈ రోజు ఆఫీసరు వచ్చి నడివీధిలో సున్నంతో గుర్తులు పెట్టించాడు. అక్కడ రెండు వరుసలు నాటితే చూడ్డానికి అందంగా ఉంటుందట.

రోజూ పొద్దున్నే మేము మగ్గానికి ఎక్కించే పట్టు పడుగులు పరిచేది ఆ నడివీధిలోనే. వీధి పొడవునా దారాలు లాగి కట్టి, తెగినవాటిని అతుకుతాం. ఆఫీసరు ముందు మగవాళ్లంతా చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేనే అడిగాను.

"ఈడ చెట్లు నాటితే పడుగు యాడ పరచుకోవాల సార్? గోడల పక్కన నాటుకుంటాం."

"అందం కావాలంటే కొంచెం సర్దుకోవాలమ్మా. వద్దంటే మొక్కలు వేరే వీధికి ఇస్తా" అన్నాడు ఆఫీసరు.

మామ నన్ను లోపలికి పిలిచి, "గమ్మునుండు పాపా, ఆయప్పకు కోపమొస్తే ఒక్క మొక్కా రాదు" అన్నాడు.

నిజంగానే రాకపోతే? వచ్చే ఎండాకాలం వీధంతా నన్నే తిడుతుంది. తిట్టనీ. చెమట మాదైనప్పుడు గుంత ఎక్కడ తవ్వాలో చెప్పే నోరు కూడా మాకుండాలి.

రేపు పడుగు పరిచే వంతు మా ఇంటిదే. ఆఫీసరు మొక్కల బండితో వచ్చేసరికి ఆ గుర్తుల మీద మా ఎర్ర పడుగు పరిచి ఉంటుంది. పరిచిన పడుగును దాటకూడదని మా వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆయనకు రేపు తెలుస్తుంది.