కుదో మసాయె బండి, బూట్లు, ఒక వాంగ్మూలం

హచినొహెలో పుట్టి, ముప్ఫై ఒక్క ఏళ్ళు సరుకు లారీ నడిపి, ఆ తరవాత పద్నాలుగేళ్ళు వ్యానులోనే కాపురం ఉండి, ప్రస్తుతం అదే ఊరి ఆసుపత్రిలో కిటికీ పక్క మంచం మీద ఉన్న కుదో మసాయె అనే నేను, డెబ్బై అయిదో ఏట, ఎవరి ఒత్తిడీ లేకుండా, స్వహస్తంతో రాస్తున్న వీలునామా ఇది. గడ్డ నా క్లోమంలో ఉంది, బుర్రలో లేదు. మందు మత్తులో రాసిందని రేపు ఎవరూ అనకుండా ఈ పూట నొప్పి మాత్ర వేసుకోలేదు. అందుచేత అక్షరాలు వంకరపోతే పోవచ్చు, మాట వంకరపోలేదు. ఇంతకుముందు నేను రాసిన కాగితం ఏదైనా బయటపడితే అది చెల్లదు.

ఒకటి. దీన్ని అమలు జరిపే బాధ్యత గ్యారేజీ నడిపే ఇవాయ షింతారోకి అప్పగిస్తున్నాను. అతను లాయరు కాడు. పద్నాలుగేళ్ళు నా వ్యాను చూశాడు, ఒక్కసారి కూడా లేని రోగం ఉందని చెప్పలేదు. నాకు అది చాలు. ఇందులో రాసిన ఏ మాటనూ అతను మెత్తబరచకూడదు, దాటవేయకూడదు.

రెండు. నా తమ్ముడు కుదో నొబొరుకి నా రబ్బరు బూట్ల జత దఖలు పరుస్తున్నాను. అవి ఇరవై ఎనిమిదో నంబరు మగవాళ్ళ బూట్లు. నా పాదం ఇరవై మూడున్నర. ఎక్కడ ఆగినా వాటికి కాస్త బురద పూసి వ్యాను తలుపు బయట పెట్టేదాన్ని, లోపల మగాడున్నాడని దారినపోయేవాళ్ళు అనుకోవాలని. పదేళ్ళ కిందట, నా బట్టల మీది రక్తం ఇంకా ఆరకముందే, నొబొరు స్టేషనుకి వచ్చి నా ఎదుటే పోలీసులతో, "ఇల్లూ వాకిలీ వదిలేసి రోడ్డు పక్కన పడుకునే ఆడాళ్ళకి ఇంకేమవుద్దండీ," అన్నాడు. లోపల మనిషి లేని ఆ బూట్లు వాడికన్నా ఎక్కువ కాలం నాకు కాపలా కాశాయి. వాడికి వదులవుతాయి. అయినా పుచ్చుకోవలెను.

మా నాన్న స్థలంలో నా సగం తనకే వస్తుందని నొబొరు ఇప్పటికే కొలతలు వేయించాడట. తోడబుట్టినవాడికి చట్టంలో తప్పనిసరి వాటా ఏదీ లేదని నేను కనుక్కునే రాస్తున్నాను. వాడికి బూట్లే.

మూడు. నా వ్యాను, దాని కాగితాలు, రెండు తాళంచెవులు, పరుపు, నీళ్ళ పీపా, గ్యాసు పొయ్యి, గొడ్డలి, రోడ్డు పటాలు, సమస్తం నొబొరు కూతురు చినత్సుకి సర్వహక్కులతో చెందుతాయి. తండ్రి నోరు తండ్రిది, పిల్ల మంచిది. ఇరవై ఏడేళ్ళు వచ్చినా నా మంచం పక్కన కూర్చుని, "అత్తా, నేనూ నీలాగే తిరుగుతాను," అంటుంది. తిరగనీ. కానీ ఈ కింది షరతులకు లోబడి మాత్రమే.

బండి ఎప్పుడూ ముక్కు దారివైపు పెట్టి ఆపాలి. తాళంచెవి ఉండాల్సిన చోటే గుచ్చి ఉంచాలి. పడకకీ డ్రైవరు సీటుకీ మధ్య సామాను ఏదీ అడ్డు ఉండకూడదు. కళ్ళు తెరిచి పది లెక్కపెట్టేలోగా చక్రాలు కదలాలి. తరవాతి మజిలీ ఎక్కడో ముక్కూ మొహం తెలియనివాళ్ళకి చెప్పకూడదు, చల్లగా నవ్వేవాళ్ళకి అసలు చెప్పకూడదు. ఎలుగులు తిరిగేచోట చేప తోమిన నీళ్ళు బండి దగ్గర పారబోయకూడదు. మంచు కురిసేచోట ఇంజను నడుస్తుండగా నిద్రపోకూడదు. ఒక ఫిబ్రవరి పొద్దున, రోడ్డు పక్క విశ్రాంతి స్థలంలో నా బండి పక్కన ఆగిన దంపతుల బండి పొగగొట్టం మంచులో కూరుకుపోయి ఉంటే కిటికీ బాదాను. పలకలేదు. అద్దం పగలగొట్టాను. ఇద్దరి బుగ్గలూ అప్పుడే స్నానం చేసి వచ్చినట్టు ఎర్రగా ఉన్నాయి. పొగ తిని చచ్చినవాళ్ళు అంత ఆరోగ్యంగా కనిపిస్తారు. చినత్సు ఆ మొహాలు చూడలేదు కాబట్టి నా మాట నమ్మాలి.

అన్నిటికన్నా ముఖ్యం, ఒక చోట మనసు కీడు శంకిస్తే కారణం వెతక్కుండా బయలుదేరాలి. పొయ్యి మీద అన్నం ఉడుకుతున్నా సరే.

నాలుగు. పై షరతుల్లో మొదటిదీ చివరిదీ నేనే తప్పాను. ఎలా తప్పానో రాయకపోతే చినత్సు వాటిని ముసలిదాని చాదస్తం అనుకుంటుంది.

కుమగయి ఫుమి నాకన్నా మూడేళ్ళు పెద్దది. బడిపిల్లలకి వంట చేసి రిటైరైంది. మొగుళ్ళు పోయాక ఇద్దరం చెరొక వ్యాను కొనుక్కుని, ముందొకటి వెనకొకటిగా నాలుగేళ్ళు తిరిగాం. నేను ఆవిణ్ణి అక్కా అనేదాన్ని, కోపం వస్తే వంటమనిషీ అనేదాన్ని. పదేళ్ళ కిందటి అక్టోబరులో షిమోకిత తీరాన, పడవలు రావడం మానేసిన ఒక చిన్న రేవులో ఆగాం. వాన పడుతోంది. రెండు బళ్ళ మధ్యా టార్పాలిన్ కట్టాలంటే నా బండి ముక్కు సముద్రపు గోడకి ఆనించాల్సి వచ్చింది. ఒక్క పూటకేగదా అని ఆనించాను.

మధ్యాహ్నం తెల్ల ట్రక్కులో ఒకడు వచ్చాడు. ముప్ఫై దాటినవాడు, తడిసిపోయి ఉన్నాడు. పేరు నరుమి తకుజి అని తరవాత తెలిసింది. ఫుమి అక్క గోధుమ అప్పాలు వేసి కాచిన చారు రెండు గిన్నెలు పోసింది. తింటూ, అయ్యగార్లు ఎక్కడికెళ్ళారని అడిగాడు. అక్క పకపకా నవ్వి, "ఇద్దరం మొగుళ్ళని మింగినవాళ్ళమే, నాయనా," అంది. ఆ ఒక్క మాటతో నా బూట్లు అబద్ధమైపోయాయి. వాడి చూపు వాటి మీద ఆగి, నా బండి గోడకి ఆని ఉన్న చోటికి వెళ్ళి, మళ్ళీ గిన్నెలోకి వచ్చింది. నా మనసు కీడు శంకించింది.

వాడు వెళ్ళగానే పోదాం పద అన్నాను. అక్క కదల్లేదు. "నీకు దారినపోయే ప్రతివాడూ దొంగేనే. తిన్న గిన్నె కడిగి బోర్లించి వెళ్ళాడు, చూళ్ళేదా?" అంది. నాకూ వానలో టార్పాలిన్ విప్పబుద్ధి కాలేదు. ఉండిపోయాం.

మర్నాడు తెల్లవారుతూనే అద్దం పగిలిన చప్పుడు. నా బండి కాదు, అక్కది. నేను సీట్లోకి దూకి తాళం తిప్పాను. ఎదురుగా గోడ. వెనక్కి పోదామంటే టార్పాలిన్ తాళ్ళు రెండు బళ్ళనీ కట్టేసి ఉన్నాయి, అద్దంలో చూస్తే వాడు ఆ తాళ్ళ పక్కనే అక్కని జుట్టు పట్టి బయటికి ఈడుస్తున్నాడు. కుడిచేతిలో సుత్తి. డబ్బు సంచి కోసం అరుస్తున్నాడు. అక్క ఇవ్వకపోగా వాడి చెయ్యి కొరికింది. వాడు సుత్తితో మొహం మీద కొట్టాడు. పచ్చి గుమ్మడికాయ కింద పడితే వచ్చే చప్పుడు వచ్చింది. రెండోసారి ఎడమ కన్ను మీద కొట్టాడు.

తలుపులు వేసుకుని పోలీసులకి ఫోను చేస్తూ లోపలే ఉండవలసింది. చినత్సూ, నువ్వయితే అలాగే ఉండు. నేను పడక పక్కనుంచి చక్రాల నట్లు విప్పే పానా తీసుకుని, వట్టి కాళ్ళతో దిగాను. లారీ పానా, మోచేతికన్నా పొడవు. మొదటి దెబ్బ మణికట్టు మీద వేశాను. సుత్తి ఎగిరి నీళ్ళగుంటలో పడింది. రెండో దెబ్బ మోకాలి మీద. ఎముక విరగడం పిడిలోంచి నా భుజం దాకా తెలిసింది. వాడు కూలిపోయాడు. వాడు మళ్ళీ లేచి సుత్తి అందుకోబోయాడనీ, అందుకే ఇంకా కొట్టాననీ పోలీసులకి చెప్పాను. ప్రాణరక్షణ అని రాసుకుని నన్ను వదిలేశారు. వాడికి తొమ్మిదేళ్ళ శిక్ష పడింది.

అయిదు. ఫుమి అక్క ఎడమ కన్ను పోయింది, దవడ వంకరైంది. తన బండి అమ్మేసి నా దాంట్లోకి వచ్చింది. మరో నాలుగేళ్ళు బతికింది. లోపలివైపే పడుకునేది, పక్కన పానా ఉంటే గాని కన్ను మూసేది కాదు. ఒంటి కన్నుతో నాకో ఊలు టోపీ అల్లింది. మూడుచోట్ల పోగు జారి చిల్లులున్నాయి. అది నా తలకి తొడిగి నన్ను దహనం చెయ్యాలి. చిల్లులు ఎవరూ కుట్టకూడదు. పానాని షింతారో పాత ఇనుములో పడేయవలెను. ఎవరికీ ఇవ్వకూడదు, ఎంత గట్టిదైనా సరే.

ఆరు. మా నాన్న స్థలంలో నా సగభాగం నరుమి తొకి అనే ఆవిడకి చెందాలి. ఈమె నరుమి తకుజి తల్లి, రేవులో స్క్విడ్ చేపలు కోసే పని చేసి వేళ్ళు కొయ్యబారిన మనిషి. అక్కని ఆసుపత్రిలో చేర్చిన మూడోనాడు మిఠాయి పెట్టె పట్టుకుని వచ్చి వరండాలో నేల మీద మోకరిల్లింది. నేను పెట్టె లాక్కుని ఆవిడ మొహాన కొట్టాను. మూల తగిలి నుదురు చిట్లింది. ఆవిడ రక్తం తుడుచుకోకుండా, దొర్లిన మిఠాయిలు ఒక్కొక్కటే ఏరుకుని, నాకు వంగి దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

అక్క పోయాక ప్రతి అక్టోబరూ ఆవిడే అక్క సమాధి ఊడుస్తోంది. నేను వెళ్ళేసరికి నీళ్ళు పోసి, పూలు పెట్టి ఉండేవి. ఈ ఏప్రిల్లో తకుజి విడుదలయ్యాడు. రెండు కర్రల మీద నడుస్తాడట, మెట్లు ఎక్కలేడట. పోయిన నెల సమాధి దగ్గర ఆవిడ నాకు ఎదురుపడి, తల వంచుకునే, ఒక్క మాట అడగనా అంది.

"మా వాడు దొంగేనమ్మా. చిన్నప్పట్నించీ అబద్ధాలే. కానీ ఈ ఒక్క సంగతీ పదేళ్ళుగా మార్చకుండా చెబుతున్నాడు. పడ్డాక నేను లేవలేదమ్మా అంటాడు. మీరు అక్కడున్నారు కదా, ఏది నిజమో చెప్పండి. నేనేం చేయను. తెలుసుకుంటానంతే."

లేచాడు అన్నాను.

ఆవిడ, "అలాగేనమ్మా. అడిగినందుకు క్షమించండి," అని వంగి, చీపురు తీసుకుని వెళ్ళిపోయింది. కొడుకు ఈ ఒక్కటి కూడా అబద్ధమే చెప్పాడని మనసులో పెట్టుకుని వెళ్ళింది. ఆవిణ్ణి నేను వెనక్కి పిలవలేదు. ఆ రోజునుంచి తిండి సయించలేదు. గడ్డ వల్ల అని డాక్టరు అంటాడు, అననీ.

ఈ స్థలం ఆవిడ క్షమాపణలకి బదులు కాదు, ఆ కాళ్ళకి ధర కాదు. అమ్ముకుంటుందో, మెట్లు లేని ఇల్లు కట్టుకుంటుందో ఆవిడ ఇష్టం. వద్దంటే బలవంతపెట్టకూడదు.

ఏడు. షింతారో ఈ అంశాన్ని నా బంధువులకన్నా ముందు నరుమి తొకి ఇంటికి వెళ్ళి, తకుజి వినేట్టు పైకి చదవవలెను. చదివేటప్పుడు ఆవిణ్ణి వంగనివ్వకూడదు. విన్నాక వాళ్ళు కోర్టుకి వెళ్ళినా, పేపరుకి చెప్పినా, నా సమాధి మీద ఉమ్మినా మా వాళ్ళెవరూ అడ్డుపడకూడదు.

తకుజి లేవలేదు. రెండో దెబ్బకే పడి, విరిగిన చెయ్యి పైకెత్తి, "చాలమ్మా, ఇంక కొట్టకమ్మా," అన్నాడు. సుత్తి వాడికి అందనంత దూరంలో, నా కాలి పక్కనే ఉంది. నేను దాన్ని రేవు నీళ్ళలోకి తన్నేసి, పానా రెండు చేతులా పట్టుకుని, రెండో మోకాలు చితికేదాకా మూడు దెబ్బలు కొట్టాను. ఒక్కో దెబ్బకీ మధ్య ఊపిరి తీసుకున్నాను, ఆలోచించుకోవడానికి నాకు సమయం ఉంది. భయంతో కొట్టలేదు. ఫుమి అక్క కోసం కూడా కాదు, ఆవిడ అప్పటికే కింద పడి, మానెయ్యవే అంటోంది. కొట్టాలనిపించింది, కొట్టాను. బాగుంది కూడా.

ఆసుపత్రిలో ఒక కుర్ర పోలీసు అక్కని అడిగాడు. అక్క రెండు కళ్ళకీ కట్లు. "లేచాడండీ, నేను చూశాను," అంది. అతను ఆ కట్ల వంక చూసి, నా వంక చూసి, రాసుకున్నాడు. మేమిద్దరం దాని గురించి మళ్ళీ మాట్లాడుకోలేదు. పోయే ముందు వారం మాత్రం అక్క నా చెయ్యి పట్టుకుని, "ఆ మాట నాతో పట్టుకుపోతాలేవే," అంది. అక్కా, నువ్వు పట్టుకుపోలేదు, ఇక్కడే ఉండిపోయింది. నీ మాట అబద్ధమని రాయాల్సి వచ్చింది, మన్నించు.

తకుజీ, నిన్ను నేను క్షమించలేదు. ఆవిడ కన్ను నువ్వే తీశావు. నీ కుడి మోకాలు ఆ కంటి లెక్కలో పోయింది. ఎడమ మోకాలు మాత్రం నా మీద ఉంది.

తొకి గారూ, మీరు నన్ను అడిగినదానికి ఇదీ జవాబు. ఈ ఒక్క సంగతిలో మీ అబ్బాయి నిజమే చెప్పాడు. అబద్ధం చెప్పింది నేను.

పై ఏడు అంశాలూ నేనే రాసి, మళ్ళీ చదువుకుని, ఒక్క అక్షరం కొట్టివేయకుండా సంతకం చేసి ముద్ర వేస్తున్నాను. సాక్షులు ఉండాలని చట్టం అడగకపోయినా, పోలీసులకి ఒకటి చెప్పి ఇక్కడ ఒకటి రాసిన మనిషిని కాబట్టి ఇద్దర్ని పిలిచి, వాళ్ళ ముందు ఏడో అంశం పైకి చదివాను.

రేవా శకం ఏడో సంవత్సరం (2025), నవంబరు ఆరో తేదీ, హచినొహె

కుదో మసాయె (ముద్ర)

సాక్షులు:
ఒయికవ మినోరు, చేపల పడవ మాజీ సరంగు, ఇదే వార్డులో రోగి
త్సుషిమ కజుయో, ఈ అంతస్తు దుప్పట్లు మార్చే మనిషి