పిచ్చుక విడాకుల సంగతి

మావయ్యకు నమస్కారం.
ఇక్కడ నేను తప్ప అందరూ బాగున్నారు. నాలుగేళ్లు పట్టుకుని వేలాడాను. ఇక నా వల్ల కాదని వదిలేశాను. ఇప్పుడు విడాకుల సంగతి మొదలుపెట్టాలి. ముప్ఫయ్యేళ్లు లైబ్రరీలో పనిచేశారు, ఏ కాగితం ఎక్కడ దొరుకుతుందో మీకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. నెలాఖరులోగా ఆధారాలు చూపించకపోతే నా మాట ఎవరూ నమ్మరు.
మీ మేనకోడలు,
పిచ్చుక
తా.క. మా ఆయనకు ఇంకా చెప్పలేదు. చెబితే “మళ్లీ మొదటికొచ్చావా” అంటారు.

పిచ్చుకకు ఆశీస్సులు.
నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ ఆయన గురక పెడతాడని తెలుసు గానీ ఇంత దూరం వస్తుందనుకోలేదు. ఆధారాలంటే ఏమిటమ్మా, చెయ్యి చేసుకున్నాడా? దాచకుండా రాయి. మీ అత్తయ్య వద్దంటున్నా అతనికీ ఒక ఉత్తరం రాసి డబ్బాలో వేశాను.
మావయ్య
తా.క. అందులో పెద్దగా ఏమీ అనలేదు. “నువ్వసలు మనిషివేనా” అని మాత్రం అడిగాను.

మావయ్యకు నమస్కారం.
మీ ఉత్తరం అందినప్పటి నుంచి ఈయన గిన్నెలు తోముతున్నారు. నేను వదిలేసింది మొగుణ్ణి కాదు, పరిశోధన అంశాన్ని. నాలుగేళ్లు బస్సు కండక్టర్ల వెంట తిరిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. సోషియాలజీలోనే ఇప్పుడు కొత్త అంశం తీసుకున్నాను, మలివయసులో విడాకులు. ఆధారాల కోసం నెట్‌లో వెతికితే అన్నీ లాయర్ల ప్రకటనలే వస్తున్నాయి. ఏం చెయ్యను?
పిచ్చుక
తా.క. ఈయనకు నిజం అప్పుడే చెప్పను. రేపటి నుంచి కూరగాయలు కూడా తరుగుతానంటున్నారు.

పిచ్చుకకు,
ఆ ముక్క ముందే రాసి ఉండొచ్చుగా. సరే, పని చూద్దాం. మీ యూనివర్సిటీ లైబ్రరీ వెబ్‌సైట్‌లోకి నీ కార్డు నంబరుతో వెళ్లు. చందా కడితే తప్ప చదవనివ్వని పరిశోధన పత్రికలు అక్కడ తెరుచుకుంటాయి. “విడాకులు” ఒక్క మాటే కొట్టకు, “కుటుంబం”, “వృద్ధాప్యం” కూడా కలుపు. మంచి వ్యాసం ఒక్కటి దొరికితే దాని చివర ఉన్న పుస్తకాల జాబితా పట్టుకో, ఇంకో పది దొరుకుతాయి. జనాభా లెక్కలూ, పాత థీసిస్‌లూ ఎక్కడున్నాయో రిఫరెన్సు డెస్కులో మొహమాటపడకుండా అడుగు.
మావయ్య
తా.క. అక్కడి మనిషి కునుకు తీస్తుంటే గట్టిగా దగ్గు. ముప్ఫయ్యేళ్లూ నన్ను అలాగే లేపేవాళ్లు.

మావయ్యకు నమస్కారం.
దగ్గాను. ఇరవై మూడు వ్యాసాలు దొరికాయి. ఇక మనుషుల్ని అడగాలి. ప్రశ్నల కాగితాలు పంపుతున్నాను, మీకు తెలిసినవాళ్ల చేత రాయించండి. పేర్లు అక్కర్లేదు.
పిచ్చుక
తా.క. ఈయనకు నిజం తెలిసిపోయింది. గిన్నెలు సింకులోనే ఉన్నాయి.

పిచ్చుకకు,
మొదటి కాగితం మీ అత్తయ్యకే ఇచ్చాను. పేరు అక్కర్లేదన్నావని నిశ్చింతగా రాసింది. పదిహేడో ప్రశ్న, “విడిపోవాలని ఎప్పుడైనా అనుకున్నారా?” “మూడుసార్లు” అని రాసింది. ఏ మూడుసార్లు అని అడిగాను. “పేరు లేని కాగితం, ఎవరు రాశారో నాకేం తెలుసు” అంది. రెండు రోజులు కూర్చుని నాకు గుర్తున్న తగువులు పదకొండు రాసి చూపించాను. చదివి, “వీటిలో ఒక్కటీ కాదు” అంది.
నిన్న రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.
మావయ్య
తా.క. పద్దెనిమిదో ప్రశ్న, “మరి ఎందుకు విడిపోలేదు?” దానికి, “ఆయన లైబ్రరీ నుంచి వచ్చేసరికి కోపం చల్లారిపోయేది” అని రాసింది. నేను రిటైరై ఆరు నెలలైంది. రేపు పొద్దున్నే లైబ్రరీకి బయల్దేరుతున్నాను. నీకు కావలసిన పుస్తకాల జాబితా వెంటనే పంపు. పొడుగ్గా ఉండాలి.