'స' లేని శుక్రవారం

ఫిబ్రవరి 3, సోమవారం

టూరిజం ఆఫీసులో మళ్ళీ సర్క్యులర్. చిన్న ఊళ్ళకు యాత్రికులు వస్తేనే ఆ ఊళ్ళ విద్యలు బతుకుతాయట. మా ఊళ్ళో చూడదగ్గవి అయిదు రాసి పంపమన్నారు. పొద్దంతా గోడ చూస్తూ కూర్చున్నాను. బజారులో నడవని గడియారస్తంభం ఒకటుంది. తర్వాత మా బాబాయి ప్రెస్సు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చి, కాలితో తొక్కే మెషీన్ మీద అచ్చేసేవాడు చుట్టుపక్కల ఇంకెవరూ లేరు. నలభై ఏళ్ళుగా శుక్రవారం శుక్రవారం ఊరి కబుర్లన్నీ ఒక కాగితం మీద అచ్చేసి పంచుతాడు. ఎవరికి పిల్ల పుట్టింది, ఎవరి తాళంచెవి దొరికింది, అన్నీ అందులోనే.

బాబాయికి చెబితే, నన్నేమన్నా జూలో పెడుతున్నావుటే అన్నాడు. అన్నాడే గానీ, సాయంత్రానికి గడ్డం గీసుకున్నాడు.

ఫిబ్రవరి 15, శనివారం

మొదటి బస్సు. ఇరవై రెండు మంది. ఊరి కాగితం ఒక్కరూ చదవలేదు. అందరికీ తమ పేరు అచ్చేసి ఇవ్వాలి. ఒకాయన డిలీట్ ఎక్కడుందని అడిగాడు. ఒకావిడ అక్షరాల గళ్ళపెట్టె మీద కాఫీ కప్పు పెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. బాబాయి మాత్రం కొత్త పెళ్ళికొడుకులా వెలిగిపోతున్నాడు.

ఫిబ్రవరి 22, శనివారం

రెండు బస్సులు. రాసే ఓపిక లేదు.

మార్చి 8, శనివారం, సాయంత్రం ఆరు

'స' గుణింతం గళ్ళన్నీ ఖాళీ! వచ్చేవాళ్ళలో సగం మంది పేర్లు 'స'తోనే మొదలవుతాయి కాబోలు. గుర్తుగా ఉంటుందని జేబులో వేసుకుపోతున్నారు. కొత్తవి తెప్పిద్దామంటే, అక్షరాలు పోతపోసే చోటు మూతపడి ఏళ్ళయింది.

ఆఫీసులో మా పెద్దసారుకు ఫోన్ చేశాను. పోతున్నాయంటే జనానికి నచ్చినట్టే కదమ్మా అన్నారు. ఏ గోడకేసి తల కొట్టుకోను?

అక్షరాలు తాకరాదు అని బోర్డు రాసి తగిలించాను. బాబాయి దాన్ని రెండుసార్లు చదివి మెషీన్ దగ్గరికి వెళ్ళాడు.

మార్చి 14, శుక్రవారం

ఈ వారం కాగితం 'స' లేకుండానే వచ్చింది. సోమవారం సాయంత్రం సంఘం సభ అని వేయాలి. ఆదివారం మర్నాడు పొద్దుగూకే వేళ మీటింగు అని వేశాడు బాబాయి. టైలరమ్మ బజారు మధ్యలో నన్ను ఆపి, మీ బాబాయికి ఈ వయసులో కవిత్వం పట్టుకుందేమిటమ్మా అని అడిగింది. నవ్వలేకపోయాను. నలభై ఏళ్ళలో ఇలా ఎప్పుడూ జరగలేదు. జనాన్ని తెచ్చింది నేనే.

మార్చి 15, శనివారం, మధ్యాహ్నం

గుమ్మంలో చెకింగ్ వాళ్ళలా నిలబడి ఒకావిడ బ్యాగు తెరవమన్నాను. అందరి ముందూ. కాగితంలో చుట్టిన అక్షరం బయటపడింది. ఆవిడ మొహం కందిపోయింది. పెద్దాయనే ఇచ్చారండీ, వద్దంటున్నా చేతిలో పెట్టారు అంది. వెనకనున్న వాళ్ళు కూడా జేబుల్లోంచి తీసి చూపించారు. అందరికీ ఆయనే ఇచ్చాడట.

సిగ్గుతో చచ్చిపోయాను.

సాయంత్రం అయిదు

బస్సు వెళ్ళాక అడిగాను, ఎందుకిచ్చావు బాబాయ్ అని.

నా తర్వాత ఇవన్నీ పాతసామాన్లవాడు తూకానికి పట్టుకుపోతాడు, వాళ్ళిళ్ళలో అయితే అల్మారాలో అన్నా ఉంటాయి అన్నాడు.

నీ తర్వాత ప్రెస్సు ఉండదని ఎవరన్నారు అన్నాను.

నువ్వే అన్నాడు.

సొరుగులోంచి బస్సుల్లో పంచే కరపత్రం తీశాడు. రాసింది నేను. అచ్చేసింది ఆయన. 'త్వరలో మూతపడబోయే ప్రెస్సు. ఇప్పుడే వచ్చి చూడండి.' ఆ మాట రాస్తే జనం వస్తారనుకున్నాను. వచ్చారు.

నువ్వు ఒక్క నిమిషంలో రాసి పడేశావే, నేను ఒక్కో అక్షరం ఏరి పేర్చాను అన్నాడు.

నేను లేనా బాబాయ్ అన్నాను.

ఎక్కడున్నావు? పదేళ్ళలో ఒక్కసారన్నా వచ్చి ఈ స్టూలు మీద కూర్చున్నావా?

కూర్చోలేదు.

మార్చి 17, సోమవారం

పొద్దున్న ఆరున్నరకే ప్రెస్సుకు వెళ్ళాను. బాబాయి అచ్చయిపోయిన అక్షరాల తట్ట నా ముందుకు తోశాడు. ఏ గడిలోవి ఆ గడిలో వేయాలి. గంటలో పదిహేడు తప్పులు. ఇంత చదువూ చదివి ఏం నేర్చుకున్నావే అన్నాడు. గళ్ళ మీద పేర్లు రాసుకోవచ్చుగా అన్నాను. నా చేతులకు తెలుసు అన్నాడు. నా చేతులకు తెలియదు మరి! అరిచాను. ఆయనా అరిచాడు. రెండు రోజుల తర్వాత అదే మొదటి మాటామంతీ.

నల్లటి వేళ్ళతో ఆఫీసుకు వెళ్ళాను. పెద్దసారు మూడో బస్సు వేద్దామన్నారు. వేయండి, కానీ వచ్చినవాళ్ళు గంటసేపు కూర్చుని అక్షరాలు సర్దాలి అన్నాను. యాత్రికులతో చాకిరీ చేయిస్తామా అన్నారు. చేయిద్దాం అన్నాను. కరపత్రం మారుస్తున్నానని కూడా చెప్పాను. అడగలేదు, చెప్పాను.

మార్చి 21, శుక్రవారం

ఈ వారం కాగితంలో నాలుగు వరుసలు నేను పేర్చినవి. మూడు తప్పులు. బాబాయి దిద్దకుండా అలాగే అచ్చేశాడు. అవి ఎవరివో ఊరికి తెలియాలట.