తిన్నగా వచ్చిన నరం

జూన్ 12

మెడలో గడ్డ థైరాయిడ్‌దే. కుడి పక్క. కేన్సర్ కాదట, కానీ పెరుగుతోంది కాబట్టి తీసేయాలట. సర్జన్ నా ఉద్యోగం అడిగింది. హైస్కూల్లో బయాలజీ చెబుతానన్నాను. అయితే రిస్కేంటో నేను చెప్పక్కర్లేదుగా అంది.

అక్కర్లేదు. మాట పలికించే నరం ఆ గడ్డని ఆనుకునే పోతుంది. దానికేమైనా అయితే నా గొంతు పోతుంది. గొంతు లేని టీచర్ని ఏం చేసుకుంటారు?

జూన్ 13

ఇంట్లో చెప్పాను. మా ఆయన తింటున్న ప్లేటు పక్కకి నెట్టేశాడు. మామయ్యగారు మాత్రం ఆ నరం బొమ్మ గీసి చూపించమన్నారు. రిటైరయ్యేదాకా కరెంటు లైన్‌మన్ ఆయన, తీగ అంటే చాలు కళ్లజోడు వెతుక్కుంటారు.

గీశాను. మెదడు నుంచి బయల్దేరుతుంది. గొంతు పక్కనుంచే దిగిపోతుంది, ఆగదు. ఛాతీ దగ్గర ఒక రక్తనాళం కిందుగా చుట్టు తిరిగి మళ్లీ పైకెక్కి అప్పుడు గొంతుకి చేరుతుంది. జిరాఫీకీ ఇదే దారి, మీటర్ల కొద్దీ. మా డిపార్టుమెంటులో ఇలా లాగితే సస్పెండ్ చేసేవాళ్లు అన్నారు మామయ్యగారు.

ఎవరూ లాగలేదండీ అన్నాను. చేపలో ఈ నరం మొప్ప దగ్గరికి తిన్నగానే పోతుంది, గుండె అక్కడే పక్కన. కోట్ల ఏళ్లలో వాటి సంతతికి మెడ వచ్చింది, గుండె కిందికి జారింది, నరం రక్తనాళానికి చిక్కుకుని దాంతోపాటే సాగింది. తెంపి కొత్తగా వేద్దామంటే కుదరదు, మధ్యలో ప్రతి తరమూ బతకాలి కదా. కరెంటు తీయకుండా రిపేరన్న మాట అన్నారు. సగం ఒప్పుకున్నట్టే అనుకున్నా. ఎంతైనా మా వంశంలో చేపలు లేవని లేచి చెయ్యి కడుక్కున్నారు.

పెళ్లయిన దగ్గర్నుంచీ మామయ్యగారికీ నాకూ ఇదే వాదన. ఒకళ్లం గెలిస్తే ఇంట్లో ఏమీ తోచదు.

పోతూ పోతూ, అందరికీ ఇలాగేనా అని అడిగారు. ప్రతి మనిషికీ ఇంతే, ఒక్కరు కూడా తేడా ఉండరని చెప్పాను. ఏటా క్లాసులో చెప్పే మాటే.

జూన్ 24

రేపు ఆపరేషన్. ఉదయమంతా బాత్రూంలో పాఠం చెప్పుకుంటూ కూర్చున్నా, నా గొంతు నేనే వినడానికి. సిగ్గుగా ఉంది. భయంగా కూడా.

జూన్ 26

మాట రావడం లేదు. గాలి వస్తోంది.

జూన్ 27

సర్జన్ వచ్చి మంచం మీద నా పక్కనే కూర్చుంది. ఏదో కబురుందని అప్పుడే అర్థమైంది. కింద నుంచి పైకి రావాల్సిన నరం కోసం వెతికిందట, దొరకలేదట. పక్కనుంచి అడ్డంగా సన్నగా ఒకటి గడ్డ వైపు వస్తుంటే చిన్న రక్తనాళం కాబోలనుకుని పట్టుకుందట. ముడి వేయబోతూ అనుమానమొచ్చి వదిలిందట. అదే నరం. తెగలేదు, నలిగింది. వారాల్లో మాట తిరిగి రావచ్చు, పూర్తిగా రాకపోనూ వచ్చు. ఏదీ దాచకుండా చెప్పి సారీ అంది.

కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. ఒక్కరు కూడా తేడా ఉండరని ఢంకా బజాయించింది నేనే కదా. వందమందిలో ఒకరికి కూడా ఉండదట ఇలా. ఆ ఒక్కదాన్ని నేనే.

జూన్ 28, మధ్యాహ్నం

స్కాన్ తీశారు. కుడి చేతికి వెళ్లే రక్తనాళం, అంటే నరం చుట్టు తిరగాల్సిన నాళమే, నాలో ఉండాల్సిన చోట లేదు. ఎడమ నుంచి బయల్దేరి అన్నవాహిక వెనకగా ఇటొస్తోంది. చిన్నప్పట్నుంచీ ముద్ద ముద్దకీ నీళ్లు తాగితే గానీ దిగేది కాదు నాకు. అమ్మ నన్ను నత్త అని పిలిచేది. పాపం నత్త.

పడుకుని ఆలోచిస్తున్నాను. అమ్మ కడుపులో మొదటి వారాల్లో అందరి మెడ దగ్గరా వంపులు వస్తాయి, చేప పిండానికి వచ్చేలాంటివే. ఒక్కో వంపులో ఒక్కో రక్తనాళం. చేపలో అవి మొప్పలకి పోతే, మనలో మెడా ఛాతీ నాళాలవుతాయి. నాలో కుడి పక్క వాటిల్లో ఒకటి చెరిగిపోయింది. నరాన్ని కిందికి లాగే కొక్కెమే లేదు. అందుకని అది తిన్నగా వచ్చేసింది. ఎడమ పక్క నాళం మామూలుగానే ఉంది, అక్కడ నరం చుట్టు తిరిగే పోతుంది.

అంటే చుట్టుదారికి కారణం ఆ నాళమే, ఇంకేం లేదు. ఇన్నేళ్లుగా నేను వెతుకుతున్న సాక్ష్యం నా మెడలోనే ఉంది. ఇది మామయ్యగారికి చెప్పాలి. చెప్పడానికి గొంతు లేదు.

జూలై 1

ఇంటికొచ్చాను. అందరికీ ఇంతే అన్నావుగా అని మామయ్యగారు దెప్పుతారని ఎదురుచూశా. దెప్పలేదు. నా పక్కన కూర్చుని, నువ్వు చెప్పేది నిజమేనమ్మా, చేపల నుంచే వచ్చి ఉంటాం అన్నారు.

సర్జన్ మాటలకి కూడా ఇంత భయం వేయలేదు.

జూలై 10

ఇంకా ఒప్పుకుంటూనే ఉన్నారు. నాళం, కొక్కెం, కుడి, ఎడమ అంతా ఒక పేజీ నిండా రాసిచ్చాను. కళ్లజోడు పెట్టుకోకుండానే బావుందన్నారు. పిచ్చి కోపం వచ్చింది. నాకు కావలసింది జాలి కాదు. చదివి, తప్పెక్కడుందో వెతికి, నన్ను సతాయించాలి ఆయన. కాగితం లాక్కుని లోపలికి వచ్చేశాను. మా ఆయన మంచినీళ్లు తెచ్చి పెట్టి తలుపు వేసి వెళ్లాడు.

జూలై 19

నా కంటే కుక్కర్ విజిలే నయం, అదైనా అరుస్తుంది అనుకునే రోజులు పోయి, ఇవాళ "ఆ" అన్నాను. బొంగురుగా, సగంలో విరిగిపోయింది. మళ్లీ అన్నాను. వచ్చింది.

ఎవరికీ చెప్పలేదు.

జూలై 27

సర్జన్ చూసింది. నరం కదులుతోందట. గొంతు మునుపటిలా ఉండకపోవచ్చు, క్లాసుకి మాత్రం సరిపోతుందంది. ఇంటికి రాగానే నాళం సంగతి మొదట్నుంచీ నోటితో చెప్పాను, ఆగి ఆగి. మామయ్యగారు లేచి కళ్లజోడు తెచ్చుకుని ఆ కాగితం ఎక్కడ పెట్టావని అడిగారు.

జూలై 28

మామయ్యగారు టిఫిన్ కూడా తినకుండా వచ్చి, నేను రాసిందంతా శుద్ధ తప్పని తేల్చేశారు. హమ్మయ్య అనుకుని బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను.